రక్తానికి పుట్టిల్లు



మన ఒంట్లో ఒక్క సెకను గడిచేలోగా సుమారు ఇరవై లక్షల ఎర్ర రక్తకణాలు కొత్తగా పుడతాయి. అన్ని పుట్టాలి మరి. ఎందుకంటే ఒక్కో ఎర్రకణం ఆయుష్షు 120 రోజులే. తెల్లకణాల్లో కొన్నయితే ఒకటి రెండు రోజులు కూడా బతకవు. అరిగిపోయినవాటి స్థానంలో ఎప్పటికప్పుడు కొత్తవి వస్తేనే ప్రాణం నిలుస్తుంది. ఇన్ని కణాలకీ మూలం ఎముకల లోపలి మూలుగలో ఉండే కొద్దిపాటి కణాలు. వాటిని రక్త మూలకణాలు అంటాం. మూలుగలో వేలాది కణాలు వెతికితే ఒక్కటి దొరుకుతుందేమో, అంత అరుదు. కానీ ఆ ఒక్కదానికి రెండు శక్తులున్నాయి. అన్ని రకాల రక్తకణాలనూ పుట్టించగలదు, తనలాంటి మరో మూలకణాన్నీ పుట్టించగలదు. 1961లో కెనడాలోని టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలక్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో ఇలాంటి కణాలు నిజంగా ఉన్నాయని రుజువు మొదలైంది.

సరే, రక్తమంతా మూలకణాల నుంచి వస్తుంది. ఆ మూలకణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? తల్లి కడుపులో పిండం ఏర్పడుతున్న తొలి వారాల్లో ఎముకలే ఉండవు, ఇక మూలుగ మాటెక్కడిది? అయినా అప్పటికే రక్తం పారుతుంటుంది. అంటే జీవితమంతా మనకు రక్తాన్నిచ్చే ఆ తొలి కణాలు వేరే ఎక్కడో పుట్టి, తర్వాత మూలుగలోకి చేరాయన్నమాట. ఆ చోటేది? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ దశాబ్దాల పాటు పనిచేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వాజ్ డీటెర్లెన్-లియెవ్ర్ గురించి ఈరోజు మీతో మాట్లాడాలని ఉంది. మన పత్రికల్లో ఆమె పేరు కనిపించగా నేను చూడలేదు. రక్తం మీద ఈ రోజు జరుగుతున్న పరిశోధనలో సగం, ఆమె కోడిగుడ్డు మీద చేసిన ఒక ప్రయోగానికి రుణపడి ఉందని నా నమ్మకం.

ఆమె పనిచేసిన చోటు పారిస్‌కు తూర్పున, మార్న్ నది పక్కన ఉన్న నొజాన్-సుర్-మార్న్ అనే ఊరు. అక్కడ పిండశాస్త్రానికే ప్రత్యేకించిన ఒక సంస్థ ఉండేది. ఎతియెన్ వొల్ఫ్ దాన్ని నడిపేవారు. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపలి పిండం మీద సున్నితమైన శస్త్రచికిత్స చేసి, మళ్ళీ మూసి, పొదగబెట్టి, ఏం జరిగిందో చూడడం అక్కడివారి విద్య. డీటెర్లెన్-లియెవ్ర్ తన తొలి పరిశోధన రక్తం మీద చేయలేదు. కోడిపిల్ల పిండంలో క్లోమగ్రంథి ఎలా రూపు కడుతుందన్నది 1960లలో ఆమె ఎంచుకున్న అంశం. ఆ పనిలో చేయి తిరిగాకనే రక్తం వైపు వచ్చారు. చేయి తిరగడం అన్నది ఈ కథలో చిన్న విషయం కాదు, కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అప్పటికి శాస్త్రవేత్తలకు తెలిసిందేమిటో ముందు చెప్పుకుందాం. పొదగబెట్టిన కోడిగుడ్డును రెండో రోజు పగలగొట్టి చూస్తే, పచ్చసొన మీద పరుచుకున్న పొరలో, పిండం చుట్టూ ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. వాటిని రక్తద్వీపాలు అన్నారు. పచ్చసొనను కప్పి ఉండే ఆ పొరనే పచ్చసొన సంచి అంటారు. మనుషుల పిండానికీ అలాంటి సంచి ఉంటుంది, లోపల సొన లేకపోయినా. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్య విద్యాలయంలో ఫ్లోరెన్స్ సేబిన్ అనే ప్రొఫెసరు, బతికున్న కోడి పిండాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి గంటల తరబడి గమనించి, రక్తనాళాల గోడలోని కణాల నుంచి రక్తకణాలు విడివడడం చూశానని 1920లో రాశారు. ఆ విద్యాలయంలో పూర్తి స్థాయి ప్రొఫెసరైన తొలి మహిళ ఆమె.  ఆమె పరిశీలనను గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

1960లలో మాల్కమ్ మూర్, జాన్ ఓవెన్ అనే ఇద్దరు ఒక చక్కటి ప్రయోగం చేశారు. రెండు కోడి పిండాల రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసేలా చేశారు. ఒకటి పుంజు, ఒకటి పెట్ట అయినప్పుడు, క్రోమోజోములను చూసి ఏ కణం ఎవరిదో చెప్పవచ్చు. పుంజు కణాలు పెట్ట ప్లీహంలో, పెట్ట కణాలు పుంజు థైమస్ గ్రంథిలో కనిపించాయి. అంటే ఈ అవయవాలు తమ కణాలను తామే తయారు చేసుకోవడం లేదు, రక్తంలో కొట్టుకొచ్చిన కణాలు అక్కడ చేరి స్థిరపడుతున్నాయి. ఇది గొప్ప విషయం, ఇప్పటికీ నిలిచిన సత్యం. దాని తర్వాత 1970లో మూర్, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డొనాల్డ్ మెట్‌కాఫ్‌తో కలిసి ఎలుక పిండాలను పరీక్షించారు. పచ్చసొన సంచిని తీసేసి పిండాన్ని మాత్రమే గాజుపాత్రలో రెండు రోజులు పెంచితే రక్తకణాలు పుట్టలేదు. సంచిని విడిగా పెంచితే పుట్టాయి. ఇంకేం, రక్తానికి పుట్టిల్లు పచ్చసొన సంచే, అక్కడ పుట్టిన మూలకణాలు కాలేయానికీ, అక్కణ్ణుంచి మూలుగకూ వలస వెళతాయి అని తేల్చారు. పాఠ్యపుస్తకాల్లోకి అదే ఎక్కింది.

ఆ వాదన వినడానికి తిరుగులేనట్టే ఉంటుంది. కానీ రెండు రోజులు పెంచితే రక్తం పుట్టలేదు అన్నంత మాత్రాన, పిండానికి ఆ శక్తే లేదని చెప్పగలమా? మూడో రోజో నాలుగో రోజో పుడుతుందేమో. గాజుపాత్రలో అంతకాలం అది ఆరోగ్యంగా బతకలేదు. ఇక గుడ్డులోనే చూద్దామంటే మరో చిక్కు. రెండో రోజు సగం దాటేసరికి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, కొద్ది గంటల్లో సంచికీ పిండానికీ మధ్య రక్తం అటూ ఇటూ పారుతుంది. ఇక ఏ కణం ఎక్కడ పుట్టిందో, ఎక్కడికి వచ్చి చేరిందో చెప్పే దారి లేదు. కణం మీద పుట్టినూరి పేరు రాసి ఉండదు కదా.

అలా పేరు రాసి ఉన్న కణం ఒకటి దొరికింది. దాన్ని పట్టుకున్నది మరో ఫ్రెంచి శాస్త్రవేత్త, నికోల్ లె దువారెన్. ఆమె అప్పట్లో నాంత్ నగరంలో పనిచేసేవారు. కౌజు పిట్ట కణాల కేంద్రకం కోడి కణాల కేంద్రకంలా ఉండదని 1969లో ఆమె ప్రకటించారు. కౌజు కణంలో డీఎన్ఏ ఒకచోట ముద్దగా గట్టిపడి ఉంటుంది. డీఎన్ఏను ఎర్రగా చూపించే రంగు వేస్తే, కౌజు కణం కేంద్రకం మధ్యలో ముదురు చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. కోడి కణంలో అది ఉండదు. ఆ రెండు పక్షులూ దగ్గరి చుట్టాలు కాబట్టి ఒకదాని కణజాలాన్ని మరోదాని పిండంలో అతికిస్తే, అది అక్కడే పెరుగుతుంది. ఎంత దూరం పోయినా, ఎన్నిసార్లు విభజన చెందినా ఆ చుక్క చెరిగిపోదు. ఇప్పుడు మన దగ్గర ఫారాల్లో పెంచి మాంసానికీ గుడ్లకీ అమ్ముతున్న జపాను జాతి కౌజు పిట్టే ఇది. 1975లో లె దువారెన్ నొజాన్ సంస్థకు అధిపతిగా వచ్చారు.

డీటెర్లెన్-లియెవ్ర్ ఆ చుక్కలో తన ప్రశ్నకు దారి చూశారు. ఆమె చేసిన పని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. కోడిగుడ్డులో మధ్యనున్న పిండాన్ని మాత్రం కోసి తీసేసి, చుట్టూ ఉన్న పచ్చసొన సంచి భాగాన్ని అలాగే ఉంచారు. ఆ ఖాళీలో అదే వయసున్న కౌజు పిండాన్ని పెట్టి అంచులు అతుక్కునేలా చేశారు. ఇప్పుడు శరీరం కౌజుది, సంచి కోడిది.

చెప్పడానికి రెండు వాక్యాలే, చేయడానికి ఎంత నేర్పు కావాలో ఊహించండి. ఆ దశలో పిండం కొన్ని మిల్లీమీటర్ల పొడవుంటుంది, పల్చటి పొరలా పచ్చసొన మీద తేలుతుంటుంది. కింద పచ్చసొన చిట్లితే అంతా పోయినట్టే. ఇదంతా రక్త ప్రసరణ మొదలయ్యేలోపే జరిగిపోవాలి. ఆ తర్వాత చేస్తే కణాలు కలిసిపోయి, ప్రయోగానికి అర్థమే ఉండదు. గాయం మాని, రెండు వైపుల రక్తనాళాలూ కలిసి, గుండె సంచిలోకి రక్తాన్ని పంపడం మొదలవ్వాలి. నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చేది ఇదే. ఖరీదైన యంత్రం లేదు. ప్రశ్నను సరిగ్గా రెండు ముక్కలుగా కోయగలిగిన ఆలోచన, దానికి తగిన చేయి.

పుస్తకాల్లో రాసింది నిజమైతే ఏం కనిపించాలి? మూలకణాలన్నీ సంచిలోనే పుడతాయి గనుక, పెరిగిన కౌజు శరీరంలోని ప్లీహంలో, థైమస్‌లో రక్త సంబంధమైన కణాలు కోడివి కావాలి, అంటే చుక్క లేనివి. కానీ రంగు వేసి చూస్తే ఆ అవయవాల్లో ఉన్నవి చుక్క ఉన్న కణాలే. కౌజువే. పచ్చసొన సంచి ఆ అవయవాలకు మూలకణాలను ఇవ్వలేదు. రక్తాన్ని జీవితాంతం నిలిపే మూలకణాలు పిండం శరీరంలోనే ఎక్కడో పుట్టాయి. ఈ ఫలితాన్ని ఆమె 1975లో ఒక పిండశాస్త్ర పత్రికలో ప్రచురించారు.

అభ్యంతరం ఒకటి రావడం సహజం. కౌజు, కోడి వేర్వేరు జాతులు. కౌజు శరీరం కోడి కణాలను రానివ్వలేదేమో? ఆ ప్రశ్నను ఆమె పక్కన పెట్టలేదు. క్లోద్ మార్టెన్ అనే సహచర శాస్త్రవేత్తతో, ఫిన్లాండ్ శాస్త్రవేత్తలతో కలిసి, కోడి సంచి మీద కోడి పిండాన్నే అతికించారు. ఇక్కడ గుర్తుగా పుంజు, పెట్ట క్రోమోజోములను వాడుకున్నారు. 1978లో వచ్చిన ఆ ఫలితం కూడా ఇదే చెప్పింది. మరుసటి ఏడాది మరో సంగతి బయటపడింది. తొలి రోజుల్లో పిండంలో పారేది సంచి నుంచి వచ్చిన ఎర్రకణాలే. రోజులు గడిచేకొద్దీ పిండం సొంత మూలకణాల నుంచి పుట్టిన ఎర్రకణాలు వాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. అంటే సంచి చేసే పని తక్కువది కాదు. తక్షణం ఆక్సిజన్ మోసే కణాలను అది అందిస్తుంది, అవి లేకపోతే పిండం బతకదు. జీవితాంతపు సరఫరా మాత్రం మరో చోటి నుంచి.

ఇంత స్పష్టంగా తేలాక పాఠ్యపుస్తకాలు మారాయా? మారలేదు. పక్షుల్లో అలా జరుగుతుందేమో, క్షీరదాల్లో మాత్రం పచ్చసొన సంచే అని సర్దేసుకున్నారు. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. ఎలుక పిండం తల్లి గర్భంలో ఉంటుంది, గుడ్డులో చేసినట్టు దాన్ని కోసి అతికించి మళ్ళీ పెంచడం కుదరదు. ఎలుకల్లో ఉన్న సాక్ష్యమేమో మూర్, మెట్‌కాఫ్‌లది. అయినా నాకు మరో కారణం కూడా కనిపిస్తుంది. రక్తం మీద పనిచేసే వైద్య పరిశోధకులు, పిండాల మీద పనిచేసే జీవశాస్త్రవేత్తలు ఒకరి పత్రికలు ఒకరు పెద్దగా చదివేవారు కాదు. కోడిగుడ్డులో తేలిన నిజం ఆస్పత్రి వైపు చేరడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఆ పద్దెనిమిదేళ్ళలో డీటెర్లెన్-లియెవ్ర్ పోట్లాటకు దిగలేదు, పనిని వదల్లేదు. ఇంకా దగ్గరికి వెళ్ళి చూశారు. శరీరంలో అంటే ఎక్కడ? మార్టెన్‌తో కలిసి 1981లో ఇచ్చిన జవాబు: గుండె నుంచి బయలుదేరి ఒంటి పొడవునా వెళ్ళే అతి పెద్ద ధమని, బృహద్ధమని పరిసరాలు. ఆ నాళం లోపలి గోడకు, అదీ కడుపు వైపు గోడకు, గుండ్రటి కణాలు గుంపులుగా అతుక్కుని కనిపిస్తాయి. ఈ గుంపులను పాత తరం శాస్త్రవేత్తలు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలోనే చూసి బొమ్మలు గీశారు. అవేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1987లో లుక్ పార్దానో తదితరులతో కలిసి వెలువరించిన పరిశోధనలో, కౌజు రక్తకణాలనూ, కౌజు రక్తనాళపు లోపొర కణాలనూ ఒకేలా గుర్తుపట్టే యాంటీబాడీని వాడారు. రక్తానికీ నాళానికీ ఉమ్మడి గుర్తు ఉందంటే, రెంటికీ దగ్గరి బంధుత్వం ఉండాలన్న అనుమానం బలపడింది.

1993 జులైలో నేచర్ పత్రిక ఒకే సంచికలో, పక్కపక్క పేజీల్లో రెండు వ్యాసాలు అచ్చువేసింది. ఒకటి ఇసబెల్ గొదెన్, డీటెర్లెన్-లియెవ్ర్ తదితరులది. రెండోది లండన్‌లో పనిచేస్తున్న అలెగ్జాండర్ మెద్విన్‌స్కీ, ఇలెయిన్ జెర్జాక్ తదితరులది. రెండు బృందాలూ ఎలుక పిండంలో, బృహద్ధమని పరిసరాల్లోనే రక్తాన్ని పుట్టించే కణాలను చూపించాయి. మూడేళ్ళకు, 1996లో, మెద్విన్‌స్కీ, జెర్జాక్ బృహద్ధమని చుట్టూ ఉన్న ఆ ముక్కను ప్రసరణతో సంబంధం లేకుండా విడిగా పెంచి, అది తనంతట తానే మూలకణాలను పుట్టించగలదని నిరూపించారు. పుట్టిన కణాలను రేడియేషన్‌తో రక్తవ్యవస్థ నాశనమైన పెద్ద ఎలుకలకు ఎక్కిస్తే, వాటి రక్తమంతా మళ్ళీ నిలబడింది. మూలకణానికి అసలైన పరీక్ష ఇదే. పదకొండో రోజు ఎలుక పిండం మొత్తంలో ఈ పరీక్షకు నిలిచే కణాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. అంత కొద్ది కణాలను వెతికి పట్టుకున్నారంటే వాళ్ళ ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అదే 1996లో మానుయేలా తావియాన్, బ్రూనో పెయో తదితరులతో కలిసి డీటెర్లెన్-లియెవ్ర్ మనిషి పిండం దగ్గరికి వచ్చారు. ఐదో వారపు మానవ పిండంలో, బృహద్ధమని కడుపు వైపు గోడకు అవే గుంపులు. కోడిలో చూసిందే మనిషిలోనూ.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ గుంపులు ఎక్కణ్ణుంచో వచ్చి గోడకు అంటుకున్నాయా, గోడలోంచే పుట్టాయా? తియెరీ జఫ్రెదోతో కలిసి 1998లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబు. రక్తనాళపు లోపొర కణాలు ఒక రకం కొవ్వు ప్రోటీన్‌ను ఇష్టంగా మింగుతాయి. దానికి మెరిసే రంగు కలిపి, గుంపులు ఏర్పడడానికి ముందే కోడి పిండం గుండెలోకి ఎక్కించారు. అప్పుడు మెరిసినవి గోడ కణాలు మాత్రమే. ఒక్కరోజు ఆగి చూస్తే, కొత్తగా ఏర్పడిన గుంపుల్లోని కణాలు మెరుస్తున్నాయి. గోడ కణాలే గుండ్రబడి, ఉబికి, రక్తకణాలయ్యాయి. 2010లో పారదర్శకంగా ఉండే జీబ్రా చేప పిల్లల్లోనూ, ఎలుక పిండపు బృహద్ధమనిలోనూ ఈ మార్పును సూక్ష్మదర్శిని కింద వీడియోగానే తీశారు. ఒక చదునైన గోడ కణం వంగి, గుండ్రంగా మారి, గోడ నుంచి ఊడి, ప్రవాహంలోకి వెళ్ళిపోవడం ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. 1920లో ఫ్లోరెన్స్ సేబిన్ చూశానన్నది సరిగ్గా ఇలాంటిదే. తొంభై ఏళ్ళు.

అలాగని పచ్చసొన సంచే అని వాదించినవారు పూర్తిగా ఓడిపోయారనుకోకండి. మన మెదడులో కాపలా కాసే మైక్రోగ్లియా అనే కణాలు ఆ సంచిలో పుట్టినవాటి సంతతేనని 2010లో ఎలుకల్లో తేలింది. ఎలుక పిండ కణాలకు జన్యు గుర్తులు వేసి జీవితాంతం వెంబడించిన పరిశోధన ఒకటి 2022లో వచ్చింది. మూలకణాలతో సంబంధం లేకుండా పిండదశలోనే పుట్టిన మరికొన్ని కణాలు కూడా పెద్దయ్యాక చాలాకాలం రక్తాన్నిస్తాయని అది చెప్పింది. చర్చ ముగియలేదు. 1975 నాటి ప్రయోగం ఆ చర్చకు సరైన పునాది వేసింది.

ఇదంతా తెలిసి మనకేం ఒరుగుతుంది అని అడిగేవారుంటారు. తలసీమియా ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళి చూస్తే ఆ ప్రశ్న రాదు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, పేరుకునే ఇనుమును తీయడానికి రోజూ మందులు వాడాలి. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనతతో నొప్పులు పడే పిల్లలు ఉన్నారు. రక్త క్యాన్సర్ సరేసరి. వీటిలో చాలావాటికి శాశ్వత చికిత్స మూలుగ మార్పిడి, అంటే ఆరోగ్యవంతమైన రక్త మూలకణాలను ఎక్కించడం. కానీ దాత కణాలు సరిపడాలి. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఒక్కొక్కరితో పూర్తిగా సరిపడే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో ఆ లెక్క ఏమవుతుందో మీరే వేసుకోండి.

రోగి చర్మం నుంచో రక్తం నుంచో ఒక కణాన్ని తీసుకుని, దాన్ని వెనక్కి, పిండదశ కణంలా మార్చడం ఇప్పుడు చేతనవుతుంది. 2006లో షిన్యా యమనక ఎలుక కణాలతో ఆ దారి చూపారు. అక్కణ్ణుంచి రక్త మూలకణాన్ని తయారు చేయడమే ఇన్నాళ్ళూ కొరకరాని కొయ్యగా ఉండిపోయింది. 2024లో మెల్‌బోర్న్‌లోని మర్డోక్ చిల్డ్రన్స్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఇంగ్, ఎడ్ స్టాన్లీ, ఆండ్రూ ఎలిఫాంటీ బృందం ఆ పని చాలావరకు సాధించింది. వాళ్ళ పద్ధతి పిండంలో జరిగే వరసనే పాటిస్తుంది. కణాలకు దశలవారీగా సంకేతాలు ఇస్తూ, ముందు వాటిని బృహద్ధమని గోడ కణాల్లాంటివాటిగా మలచి, వాటిలోంచి రక్తకణాలు ఊడేలా చేస్తారు. అలా వచ్చిన మానవ కణాలు, రోగనిరోధక శక్తి లేని ఎలుకల మూలుగలో చేరి, నెలల తరబడి అన్ని రకాల రక్తకణాలనూ ఇచ్చాయి. మనుషులకు ఎక్కించే ముందు ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. ఆ కణాలు సురక్షితమేనా, దారి తప్పి క్యాన్సర్ కాకుండా ఉంటాయా, ఒక రోగికి చాలినన్ని తయారు చేయగలమా అన్న ప్రశ్నల మీద ఇప్పుడు పని జరుగుతోంది.